మంచం మీద రాయించిన వీలునామా మన మందిరానికి వద్దు



ఈ వారం మేము రాసేది కొందరికి నచ్చదు. తోటి సేవకుల్లో కొందరికి అసలే నచ్చదు. అయినా రాయక తప్పదు. జబ్బుతో మంచం పట్టిన విశ్వాసి పక్కన కాపరి కూర్చుని, పొలమో ఇంటిస్థలమో మందిరానికి రాయించుకోవడం దేవుని పని కాదు. దాన్ని కానుక అనకూడదు. అలా వచ్చే భూమి సెంటు కూడా మన సంఘానికి వద్దు.

అలాగని వీలునామాలో దేవుని ఇంటికి భాగం పెట్టడం తప్పని మేము అనడం లేదు. అది మంచి పని. ఒంట్లో ఓపిక ఉండగా, ఇంట్లోవాళ్ళకు చెప్పి, నిదానంగా ఆలోచించి చేయవలసిన పని. మనం దాని గురించి ఏళ్ళ తరబడి మాట్లాడం, చివరి వారంలో తొందరపడతాం. మా పోరాటం ఈ తొందర మీద.

ఇది ఎలా జరుగుతుందో మీలో చాలామంది చూసే ఉంటారు. భర్త పోయిన పెద్దావిడ. కొడుకు హైదరాబాదులోనో బెంగళూరులోనో ఉంటాడు. కూతురు అత్తగారింట్లో. ముందు షుగరు, తరువాత కిడ్నీలు. ఇక ఇంటికి తీసుకుపొమ్మని ఆస్పత్రివాళ్ళు చెప్పేశారు. అయ్యగారు రోజూ వచ్చి ప్రార్థన చేస్తున్నారు. మంచిదే, రావాలి. నాలుగో రోజున ప్రార్థన అయ్యాక ఒక మాట వస్తుంది: దేవుడు నీకింత ఇచ్చాడు కదమ్మా, దేవునికి ఏమైనా చేయాలని నీ మనసులో ఉందా? ఆరో రోజుకు దస్తావేజు లేఖరి వస్తాడు. వేలిముద్ర పడుతుంది. భూస్థాపన అవుతుంది. ఆదరణ కూడికలో, ఇంకా విస్తళ్ళు వేయకముందే, ఆ కాగితం బయటికి వస్తుంది.

తరువాత కొడుకు మందిరానికి తాళం వేస్తాడు. అల్లుడు స్టేషన్లో ఫిర్యాదు ఇస్తాడు. కూతురు ఆ మందిరం గడపే కాదు, ఏ మందిరం గడపా తొక్కదు. కోర్టు ఏళ్ళ తరబడి సాగుతుంది. వకీలు ఫీజు కానుకల పెట్టెలోంచి పోతుంది. ఎకరం పొలం కోసం ఒక ఇంటిని మొత్తంగా పోగొట్టుకుంటాం. సువార్త చెప్పడానికి ఆ వీధిలోకి మళ్ళీ ఏ ముఖం పెట్టుకుని వెళ్తాం?

ఇక్కడ కొంచెం చట్టం సంగతి చెప్పాలి. మన దేశంలో క్రైస్తవుల వీలునామాలు 1925 నాటి భారత వారసత్వ చట్టం కింద నడుస్తాయి. అందులో 118వ సెక్షను ఒకటి ఉండేది. అన్నదమ్ముల, అక్కచెల్లెళ్ళ పిల్లలుగాని, అంతకంటే దగ్గరి బంధువులుగాని ఉన్న మనిషి మతానికో ధర్మకార్యానికో ఆస్తి రాయాలంటే, ఆ వీలునామా చనిపోవడానికి కనీసం 12 నెలల ముందు రాసినదై ఉండాలి. రాసిన 6 నెలల లోపల దాన్ని చట్టం చూపించిన భద్రమైన చోట దాఖలు చేసి ఉండాలి. లేకపోతే ఆ దానం చెల్లదు. ఈ నియమం పద్దెనిమిదో శతాబ్దపు ఇంగ్లాండు చట్టం నుంచి వచ్చింది. అక్కడ ఇలాంటి చట్టాలకు ‘చచ్చిన చెయ్యి’ అని అర్థం వచ్చే పేరుండేది. సంఘం చేతిలోకి పోయిన భూమి మళ్ళీ బయటికి రాదని, ఆ చెయ్యి చచ్చినవాడి చెయ్యిలా బిగుసుకుపోతుందని ఆ పేరు పెట్టారు. మనకు కోపం తెప్పించే పేరే, కానీ ఊరికే పెట్టింది కాదు.

ఆ సెక్షను హిందువులకు లేదు, ముస్లింలకు లేదు. 1991 తరువాత పార్సీలకూ లేదు. చివరికి క్రైస్తవుల మెడకే మిగిలింది. కేరళకు చెందిన జాన్ వల్లమట్టం అనే కతోలిక గురువు దీని మీద సుప్రీంకోర్టుకు వెళ్ళారు. 2003 జూలైలో కోర్టు ఆ సెక్షనును కొట్టివేసింది. రాజ్యాంగం 14వ అధికరణం చెప్పిన సమానత్వానికి అది విరుద్ధమని తీర్పు. న్యాయమైన తీర్పే. ఒక్క క్రైస్తవులనే అనుమానించే చట్టం ఎందుకు ఉండాలి? ఆ తీర్పును మేము గౌరవిస్తాం.

అయితే అప్పటినుంచి కొందరు సేవకుల నోట ఒక మాట వింటున్నాం. ఇప్పుడు అడ్డులేదు, చివరి రోజున రాసినా చెల్లుతుంది అని. చెల్లుతుంది, నిజమే. చట్టం ముందు చెల్లేదంతా దేవుని ముందు చెల్లుతుందా? ప్రభుత్వం మనకు వేసిన కట్టును కోర్టు తీసేసింది. మనకు మనం వేసుకోవలసిన కట్టును ఎవరూ తీసేయలేదు. ఆ 12 నెలలూ మన సంఘంలో మన ఇష్టంతో పెట్టుకుందామన్నది మా వాదన.

ఇలాంటి గొడవ మన కాలంలో మొదలైంది కాదు. క్రీ.శ. 370లో రోమా చక్రవర్తి వాలెంటీనియన్ ఒక ఆజ్ఞ ఇచ్చాడు. సంఘ సేవకులు విధవరాండ్ర ఇళ్ళకు, తండ్రిలేని ఆడపిల్లల ఇళ్ళకు పోకూడదు, వాళ్ళ దగ్గర వీలునామాల ద్వారా ఏమీ పుచ్చుకోకూడదు. దాన్ని రోమా బిషప్పు దమాసుకు పంపించారు, రోమాలోని మందిరాల్లో చదివి వినిపించారు. ఆలోచించండి, ఇంకా అరవై ఏళ్ళ కిందటి వరకు హింసలు పడిన సంఘం అది. బైబిలును లాటినులోకి తర్జుమా చేసిన జెరోము ఈ ఆజ్ఞ గురించి తరువాత ఒక ఉత్తరంలో రాశాడు. విగ్రహాల పూజారులు, నాటకాలవాళ్ళు, రథాలు తోలేవాళ్ళు కూడా ఆస్తి పుచ్చుకోవచ్చు, మనకు మాత్రం వీల్లేదు అని బాధపడ్డాడు. కానీ చట్టం వచ్చినందుకు కాదట అతని ఏడుపు, అలాంటి చట్టానికి మనం తగినవాళ్ళమైపోయామే అని. మన మీద పెట్టిన చట్టం గురించి సణుగుకునే ప్రతి కాపరీ ఆ ఉత్తరం గుర్తు చేసుకోవాలి.

ఇప్పుడు వాక్యంలోకి వద్దాం. మార్కు సువార్త 7వ అధ్యాయంలో ప్రభువు కొర్బాను గురించి పరిసయ్యులను గద్దించిన సంగతి మీకు తెలుసు. తల్లిదండ్రులకు చేయవలసిన సాయాన్ని ‘ఇది దేవునికి అర్పితం’ అని పేరు పెట్టి ఎగ్గొట్టేవాళ్ళు. దేవుని పేరు వాడుకుని కుటుంబం నోరు కొట్టడాన్ని ప్రభువు ఒప్పుకోలేదు. ఇందులో బాకీ పిల్లలు తల్లిదండ్రులకు పడింది గదా, మనది తల్లిదండ్రులు పిల్లలకు పెట్టే సంగతి గదా అని మీరు అడగవచ్చు. అటు వైపు మాట పౌలు చెప్పాడు. 2 కొరింథీయులకు 12వ అధ్యాయం 14వ వచనం తీసి చూడండి. కూడబెట్టవలసింది తల్లిదండ్రులు పిల్లల కోసమే గాని పిల్లలు తల్లిదండ్రుల కోసం కాదంటాడు. ఆ మాట ఎందుకన్నాడో చూశారా? నాకు మీ సొత్తు అక్కర్లేదు, మీరే కావాలి అని సంఘంతో చెబుతూ అన్నాడు. ఆస్తి పిల్లలకు, మనుషులు ప్రభువుకు. ఆ వచనం మీద మంచం పక్కన కూర్చుని ప్రసంగం చేసినవాళ్ళను మేము ఇంతవరకు చూడలేదు.

వాళ్ళు చేసే ప్రసంగం వేరే. విధవరాలి రెండు కాసులు. ప్రతి కానుకల పండుగకూ అదే. మార్కు 12వ అధ్యాయంలో ఆ కథకు ముందున్న వచనం చదవకుండా ఆ కథ చదవకూడదని మాకు అనిపిస్తుంది. 40వ వచనంలో ప్రభువు శాస్త్రుల గురించి చెబుతాడు: పొడుగు ప్రార్థనలు చేస్తారు, విధవరాండ్ర ఇళ్ళు మింగేస్తారు. ఆ వెంటనే ఒక విధవరాలు వచ్చి తనకున్నదంతా పెట్టెలో వేస్తుంది. ఆ వెంటనే, 13వ అధ్యాయం మొదట్లో, శిష్యులు దేవాలయపు రాళ్ళను చూసి మురిసిపోతుంటే, రాయి మీద రాయి మిగలదని ప్రభువు చెబుతాడు. మూడు ముక్కలూ కలిపి చదవండి. ఆమె విశ్వాసాన్ని ప్రభువు మెచ్చుకున్నాడు, సందేహం లేదు. ఆమె చేత అంతా వేయించుకున్న వ్యవస్థను మెచ్చుకున్నాడని ఎక్కడుంది?

ఇంకొకటి. దశమభాగం అడిగేటప్పుడు మన సేవకులందరం లేవీయులమైపోతాం. లేవీయులకు పదోవంతు ఇవ్వమన్న ఆ సంఖ్యాకాండము 18వ అధ్యాయంలోనే, వాళ్ళకు దేశంలో భూమి స్వాస్థ్యం ఉండదని కూడా ఉంది. పదోవంతు కావాలి, పొలమూ కావాలి అంటే లెక్క కుదరదు. లేవీయులమైతే రెండూ లేవీయుల్లాగే ఉండాలి.

ఆదిమ సంఘంలో ఈ విషయంలో గట్టిగా నిలబడినవాళ్ళూ ఉన్నారు. ఉత్తర ఆఫ్రికాలోని హిప్పో పట్టణపు బిషప్పు అగస్టీను, కొడుకును కాదని సంఘాన్ని వారసునిగా పెట్టుకునేవాడు తీసుకునేందుకు వేరెవరినైనా వెతుక్కోవాలి, నేను తీసుకోను అని ప్రసంగంలో తన జనానికి చెప్పేశాడు. అదే ప్రసంగంలో కార్తేజు బిషప్పు ఔరేలియు చేసిన పని చెప్పాడు. పిల్లలు లేని ఒకాయన, పిల్లలు పుడతారన్న ఆశ పోయాక, బ్రతికినంతకాలం అనుభవించే హక్కు మాత్రం ఉంచుకుని ఆస్తంతా సంఘానికి రాసిచ్చాడు. తరువాత పిల్లలు పుట్టారు. ఆయన అడగలేదు, అడుగుతాడని ఎవరూ అనుకోలేదు. ఔరేలియు తానే పిలిచి అంతా తిరిగి ఇచ్చేశాడు. ఉంచుకునే హక్కు ఆయనకు లోకం దృష్టిలో ఉందట, పరలోకం దృష్టిలో లేదట. ఆ కాపరిని దేవుడు మన జిల్లాకొక్కణ్ణి పంపితే చాలు.

మన సంఘంలోనే జరిగిన సంగతి ఒకటి, పేరు లేకుండా చెబుతాం. రోడ్డు పక్కన 30 సెంట్ల స్థలం ఉన్న ఒక పెద్దావిడ ఆస్పత్రి మంచం మీది నుంచి కబురు పంపింది. వెళ్ళాం.

“అయ్యగారూ, ఆ ముక్క మందిరానికి రాసేస్తాను. కాగితం తెప్పించండి.”

“అమ్మా, ముందు లేచి తిరుగు. ఇంటికొచ్చాక, నీ బిడ్డలు ముగ్గురినీ కూర్చోబెట్టుకుని చెప్పు. అప్పటికీ నీ మనసు ఇదే అయితే రాద్దువుగాని.”

“నేను లేవకపోతే?”

“లేవకపోతే ఆ స్థలం నీ బిడ్డలది. దేవుడు నీ మనసు చూశాడు, ఆయనకు సెంట్లతో పనిలేదు.”

ఆమె లేవలేదు. స్థలం పిల్లలు పంచుకున్నారు. భర్త వదిలేసిన చిన్న కూతురు తన వాటాలో రేకుల షెడ్డు వేసుకుని కుట్టుమిషను పెట్టుకుంది. మన మందిరానికి స్లాబు ఇంకా పడలేదు, వానాకాలంలో వెనక వరుసలో కూర్చునేవాళ్ళు గొడుగు తెచ్చుకుంటున్నారు. ‘చేతికొచ్చిన దీవెనను కాలదన్నాడు, విశ్వాసం లేని సేవకుడు’ అని కొందరు అన్నారు. అనుకోనివ్వండి. రేపు మళ్ళీ అలాంటి కబురు వచ్చినా మేము ఆ మాటే చెబుతాం.

ఇప్పుడు మాకు ఎదురయ్యే ప్రశ్నల్లో గట్టిది ఒకటుంది. ‘పిల్లలు చూడలేదయ్యగారూ. మందు కొనలేదు, మాట మాట్లాడలేదు. సంఘంలోవాళ్ళే గంజి పోశారు. వాళ్ళకెందుకు రాయాలి?’ దీన్ని మేము తేలికగా తీసేయం. మన పల్లెల్లో తల్లిదండ్రులు పడుతున్న అవమానం మాకు తెలుసు. చట్టం కూడా మీ చేతిలోనే ఉంది. స్వంత ఆస్తిని ఎవరికైనా రాసుకునే స్వేచ్ఛ క్రైస్తవునికి పూర్తిగా ఉంది, పిల్లలకు ఇంత ఉంచి తీరాలని మన చట్టం చెప్పదు. కనుక మీరు రాసుకుంటే మేము ఆపలేం. కానీ కోపాన్ని కానుక అని పేరు పెట్టి బలిపీఠం మీద పెట్టవద్దు. అర్పణం తెచ్చినవాడు సహోదరుడితో గొడవ గుర్తొస్తే అర్పణాన్ని అక్కడే వదిలి, ముందు వెళ్ళి సమాధానపడమని ప్రభువు చెప్పాడు, మత్తయి 5వ అధ్యాయంలో. కొడుకు మీద పగతో రాసిన 2 ఎకరాలను తీసుకుంటే మేము ఆ పగను కూడా పట్టా చేయించుకున్నట్టే. ముందు కొడుకును పిలిపించండి, మేము కూడా వస్తాం, గట్టిగా మాట్లాడతాం. అయినా మారకపోతే, మిమ్మల్ని నిజంగా చూసుకున్న మనిషి ఎవరో ఒకరు ఉంటారు గదా, పక్కింటి పిల్లో, మేనకోడలో. ఆ మనిషికి రాయండి. మందిరం మీకు గంజి పోయలేదు, ఆ పిల్ల పోసింది.

బ్రతికుండగానే ఇల్లు రాసిచ్చి ‘మమ్మల్ని చివరిదాకా చూడండి’ అని సంఘానికో సేవకునికో అప్పగించేవాళ్ళు ఉన్నారు. చూసుకోవాలన్న షరతు ఆ దాన పత్రంలో రాయించుకోకుండా సంతకం చేయకండి. షరతు ఉంటే, చూడకపోతే, 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం 23వ సెక్షను కింద 60 ఏళ్ళు దాటినవాళ్ళు ఆ దానాన్ని రద్దు చేయించుకోవచ్చు. సేవకుని మాటే చాలు, కాగితం ఎందుకు అనే సేవకుడి దగ్గర ఆ కాగితం మరింత అవసరం.

వీలునామాకూ దాన పత్రానికీ తేడా తెలియక మోసపోయేవాళ్ళు ఎక్కువ. దాన పత్రం రిజిస్టరైతే ఆస్తి చేతులు మారిపోయినట్టే. వీలునామా అలా కాదు, మీ ఊపిరి ఉన్నంతకాలం అది మీ కాగితమే. ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు, చింపేయవచ్చు. (భార్య పోయిన తరువాత మళ్ళీ పెళ్ళి చేసుకున్న సహోదరులు గమనించండి, మన చట్టంలో పెళ్ళితో పాత వీలునామా రద్దయిపోతుంది.) ఒకసారి మందిరానికని రాసి మార్చుకుంటే శాపం తగులుతుందని, అననీయ సప్పీరలకు పట్టిన గతి పడుతుందని బెదిరించేవాళ్ళు ఉన్నారు. అపొస్తలుల కార్యములు 5వ అధ్యాయం వాళ్ళు ఎలా చదువుకున్నారో మాకు తెలియదు. పేతురు అననీయను అడిగింది అబద్ధం గురించి. అమ్మకముందు పొలం నీదే, అమ్మాక డబ్బూ నీ చేతిలోదే కదా అని పేతురే ఒప్పుకున్నాడు. అలా బెదిరించి రాయించింది చట్టం ముందూ నిలవదు. మోసంతో, బలవంతంతో, మనిషి తన ఇష్టం తాను చెప్పలేనంతగా విసిగించి రాయించిన వీలునామా చెల్లదని 61వ సెక్షను చెబుతుంది. రోజూ వచ్చి చేసే ప్రార్థన ఎప్పుడు విసిగింపుగా మారుతుందో ప్రతి సేవకుడూ తన్ను తాను పరీక్షించుకోవాలి.

అసలు రోగం ఇంకా లోపల ఉంది. ఎవరి పేరు మీద రాస్తున్నారు? పెద్ద మిషను సంఘాలకు ఆస్తులు పెట్టుకునే ట్రస్టులు, సొసైటీలు ఉన్నాయి, వాటి గొడవలు వాటికున్నా. స్వతంత్ర సంఘాల్లో చాలాచోట్ల మందిరం స్థలమే కాపరి పేరు మీద ఉంటుంది. విశ్వాసి ‘మందిరానికి’ అనుకుని వేలిముద్ర వేస్తాడు, కాగితంలో ఉండేది ఫలానా కాపరి, తండ్రి పేరు ఫలానా. ఆ కాపరి వీలునామా రాయకుండా చనిపోతే ఏమవుతుంది? అదే 1925 చట్టం ప్రకారం మూడోవంతు ఆయన భార్యకు, మిగిలిన రెండు వంతులు ఆయన పిల్లలకు సమానంగా. సంఘానికి గవ్వ రాదు. ఆ పిల్లలు పరిచర్య చేస్తే మందిరం, చేయకపోతే కల్యాణ మండపం. ఇచ్చినవాళ్ళ మనవలు తమ తాత పొలంలో పెళ్ళికి అద్దె కట్టాలి.

కాబట్టి ఏ కాపరి పేరు మీదా రాయకండి. మా పేరు మీద అసలు రాయకండి. మీ సంఘం 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషను చట్టం కింద రిజిస్టరైందో లేదో అడగండి, సర్టిఫికెట్ చూపించమనండి. చూపించనివాళ్ళకు దండం పెట్టి ఇంటికి రండి. ఉంటే, అందులో ఉన్న పేరును అక్షరం పొల్లుపోకుండా, నంబరుతో సహా రాయించండి. ‘దేవుని పనికి’ అని మాత్రం రాస్తే, దేవుడు కోర్టుకు రాడు, పనివాళ్ళమని చెప్పుకుంటూ నలుగురు వస్తారు.

వీలునామాకు స్టాంపు కాగితం అక్కర్లేదు. తెల్లకాగితం చాలు. రాసేవారి సంతకమో వేలిముద్రో, దాన్ని చూసిన ఇద్దరు సాక్షుల సంతకాలు కావాలి. మన చట్టంలో ఒక చక్కని నియమం ఉంది, 67వ సెక్షను: సాక్షి సంతకం పెట్టినవాళ్ళకు, వాళ్ళ భార్యకు లేదా భర్తకు ఆ వీలునామాలో రాసింది దక్కదు. కాపరి పేరు మీద రాసి అమ్మగారి చేత సాక్షి సంతకం పెట్టించారా, అది పోయినట్టే. రిజిస్ట్రేషను తప్పనిసరి కాదు, కానీ చేయించండి. సబ్ రిజిస్ట్రారు ఆఫీసుకు మీ కాళ్ళతో మీరు నడిచి వెళ్ళారన్నదే పెద్ద సాక్ష్యం. ఎవరికీ తెలియకూడదనుకుంటే కవరులో పెట్టి సీలు వేసి జిల్లా రిజిస్ట్రారు దగ్గర దాచుకోవచ్చు. బ్యాంకు డిపాజిట్లకు నామినీగా కాపరి పేరు పెడితే అది సంఘానిదైపోతుందని కొందరనుకుంటారు. కాదు. నామినీ డబ్బు అందుకునే మనిషే, అది వారసులకు చెందాల్సిందే.

మన పల్లెల్లో చాలామందికి ఉన్నది ప్రభుత్వం ఇచ్చిన డి పట్టా భూమి. అది పిల్లలకు వారసత్వంగా వస్తుంది గాని అమ్మడానికి, దానమివ్వడానికి వీలులేదన్న నియమం మీద ఇచ్చింది, దాని మీద 1977లో ప్రత్యేక చట్టమే ఉంది. తరువాత సవరణలు వచ్చాయి, మీ పట్టా సంగతి తహసీల్దారు ఆఫీసులో కనుక్కోండి. కనుక్కోకుండా అలాంటి భూమిని మందిరానికి రాస్తే మందిరమూ చిక్కుల్లో పడుతుంది, మీ పిల్లలకున్నదీ పోవచ్చు. అలాగే మనలో కొందరికి సర్టిఫికెట్లో ఒక మతం, ఆదివారం ఇంకొకటి. వారసత్వానికి ఏ చట్టం వర్తిస్తుందన్నది అక్కడ మొదటి తగాదా అవుతుంది. దీని గురించి ఇక్కడ ఇంతకంటే రాయం, వచ్చి అడగండి.

ఎంత రాయాలి? పదోవంతు దాటవద్దని మా మాట. ఎక్కువ రాస్తే తీసుకోకూడదని సంఘ పెద్దలతో కలిసి తీర్మానం పెట్టాం. 2 ఎకరాలుంటే 20 సెంట్లు. ఆ 20 సెంట్లనూ ముక్కగా కోసి ఇవ్వవద్దు. అన్నదమ్ముల పొలాల మధ్య మందిరం ముక్క ఉంటే గట్టు తగాదా, బోరు తగాదా, దారి తగాదా. పొలం మొత్తం పిల్లలకు రాసి, ఆ వంతు విలువను ఏడాది లోపల సంఘానికి కట్టమని రాయండి. కూతుళ్ళకు సమాన వాటా లేని వీలునామాలో మన సంఘం పేరు ఉండకూడదని కూడా తీర్మానించాం. సెలోపెహాదు ఐదుగురు కూతుళ్ళు మోషే ముందు నిలబడి అడిగితే, వాళ్ళు చెప్పింది న్యాయమని దేవుడే అన్నాడు. చట్టంలోనూ వీలునామా లేని క్రైస్తవుని ఆస్తిలో కొడుక్కూ కూతురికీ తేడా లేదు, 1986లో మేరీ రాయ్ కేసులో కేరళ ఆడబిడ్డలు దాన్ని గెలుచుకున్నారు. చట్టం కూతురికి ఇచ్చినదాన్ని వీలునామాతో లాక్కుని మందిరానికి పెడితే, ఆ డబ్బుతో వేసిన స్లాబు కింద మేము ఏ ముఖంతో ప్రసంగించాలి?

రాసిన 12 నెలల లోపల రాసినవారు ప్రభువు దగ్గరికి వెళ్ళిపోతే, పిల్లలందరూ మాకు అభ్యంతరం లేదని తమంతట తాము చెప్పేదాకా సంఘం దాన్ని ముట్టుకోదు. చెప్పకపోతే వదులుకుంటుంది. 118వ సెక్షను పోయింది గదా అంటే, అవును, పోయింది. ఇది మనది.

వీలునామా మాటెత్తితే అశుభమని, రాస్తే చావు దగ్గరికొస్తుందని అనుకునే పెద్దవాళ్ళు మన సంఘంలోనూ ఉన్నారు. ఇల్లు చక్కబెట్టుకుని వెంటనే ఉరిపోసుకున్న అహీతోపెలు బైబిల్లో ఉన్నమాట నిజమే. కానీ ఇల్లు చక్కబెట్టుకోమని యెషయా ద్వారా కబురు అందిన తరువాతే హిజ్కియాకు 15 సంవత్సరాలు కలిశాయి. అబ్రాహాము కూడా తాను బ్రతికుండగానే ఇస్సాకుకు ఇవ్వవలసింది ఇస్సాకుకు, మిగతా కుమారులకు ఇవ్వవలసింది వాళ్ళకు ఇచ్చి, దూరదూరంగా పంపి, గొడవలేకుండా చేసుకున్నాడు. బర్నబా పొలం అమ్మి అపొస్తలుల పాదాల దగ్గర పెట్టినప్పుడు మంచం మీద లేడు, ఆ తరువాత సముద్రాలు దాటి సువార్త చెప్పాడు.

అమెరికాలో, గల్ఫులో ఉన్న మన బిడ్డలకు ఒక మాట. మీరున్న కొన్ని దేశాల్లో సంఘానికి వీలునామాలో భాగం పెట్టడం మామూలు పద్ధతి, మీకిది కొత్త కాదు. ఈసారి ఇంటికి ఫోను చేసినప్పుడు అమ్మానాన్నలను మీరే అడగండి, ఏం రాయాలనుకుంటున్నారని. మీరు అడగని ప్రశ్నను వేరెవరో మంచం పక్కన కూర్చుని అడుగుతారు.

వచ్చే నెల మొదటి ఆదివారం ఆరాధన అయ్యాక, భోజనాల తరువాత, పట్టణం నుంచి ఒక వకీలుగారు మందిరానికి వస్తారు. ఫీజు లేదు. పట్టాదారు పాసుపుస్తకం, ఆధార్, ఉంటే పాత దస్తావేజులు తెచ్చుకోండి. కొడుకులు, కోడళ్ళు, కూతుళ్ళు, అల్లుళ్ళు అందరూ రావచ్చు, రావాలి. ఆ రెండు గంటలూ మేమూ అమ్మగారూ మందిరంలో ఉండము, పక్క ఊళ్ళో రోగుల దర్శనానికి వెళ్తున్నాం. సాయంత్రం కూటానికి వచ్చేస్తాం.